కత్తెర పట్టుకునే ముందు



కుట్టు మిషనంటే నాకు చిన్ననాటి నుండి మోజు. మధ్యాహ్నం అమ్మ కునుకు తీయగానే ఆమె కాలిమిషను ముందు కూర్చుని, పాత చీరముక్కలతో దిండు గలేబులు కుట్టేదాన్ని. పెళ్ళయి దిల్‌సుఖ్‌నగర్ వచ్చేనాటికి కుట్టుపనంతా నాకు వచ్చుననే అనుకున్నాను. ఒక పట్టు జాకెట్టు ఆ భ్రమ తీర్చింది.

పక్కింటి పిన్నిగారు తన కూతురి ప్రధానానికి కట్టుకునే చీరలోని జాకెట్టుముక్క తెచ్చి, "నీ కుట్టు నీటుగా ఉంటుందమ్మా" అని నా చేతిలో పెట్టారు. కుట్టు నీటుగానే వచ్చింది. కాని వేసుకుని చూస్తే వీపు పట్టేసి, చేతులు ముందుకు చాపలేకపోయారు. కుట్టు తప్పయితే విప్పి మళ్ళీ వేయవచ్చు, కత్తిరించిన గుడ్డ తిరిగి రాదు గదా! అలాంటి ముక్క మరొకటి దొరకదు. ఆవిడ నన్ను ఒక్కమాట అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ.

తరువాత ఎల్.బి. నగర్‌లో ఒక కటింగు మాస్టరు దగ్గర చేరాను. 2018లో వచ్చిన మెట్రోలో ఇప్పుడు మధ్య రెండే స్టేషన్లు. అప్పట్లో మాత్రం బస్సులో నిలబడి వెళ్ళాల్సిందే. మాస్టరుగారు మొదటి నెలంతా నాకు కత్తెర ఇవ్వనేలేదు. పాత జాకెట్టు కుట్లు విప్పించి, ముక్కలు ఇస్త్రీ చేయించి, కాగితం మీద పెట్టి గీయించేవారు. అలా గీస్తుంటే నా తప్పు బయటపడింది. చంక రౌండు ముందు ముక్కకు లోతుగా, వీపు ముక్కకు తక్కువ లోతుగా ఉండాలి. నేను రెండూ కలిపి మడిచి, ముందు గీత మీదే కోసేశాను!

లైనింగు సంగతి కూడా అక్కడే నేర్చుకున్నాను. నూలు లైనింగును నీళ్ళలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే కోయాలి. లేకపోతే మొదటి ఉతుకుకే అది కుంచించుకుపోయి, పైగుడ్డ ముడతలు పడుతుంది. పట్టుకు 11వ నంబరు సూది చాలు. లావు సూది చేసిన రంధ్రాలు కుట్టు విప్పినా పూడవు. పక్కకుట్టు లోపల అంగుళం గుడ్డ వదలండి. మన ఒళ్ళు ఏటేటా ఒకేలా ఉంటుందా?

సర్టిఫికెట్టు కావలసిన వారికి ప్రభుత్వ పరీక్షల విభాగం టైలరింగులో లోయర్, హయ్యర్ గ్రేడు పరీక్షలు జరుపుతుంది. 2023లో మొదలైన కేంద్ర విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో దర్జీపని ఒకటి. మిషను కొన్నాక నేర్చుకుందాంలే అనుకునే వారికి నా మాట: ముందు కాగితం కొనండి.

యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు, ఆమె కుట్టిన బట్టలను విధవరాండ్రు పేతురుకు చూపించి ఏడ్చారు. అవి వారికి సరిగ్గా సరిపోయి ఉంటాయనే నా నమ్మకం. సరిపోనివాటిని అంత ప్రేమగా ఎవరు దాచుకుంటారు?

రెండేళ్ళ తరువాత పిన్నిగారు మరో ముక్క తెచ్చారు. ఈసారి ముక్క అందుకోకముందే, ఆవిడకు బాగా సరిపోయే పాత జాకెట్టొకటి ఇమ్మని అడిగాను.