ఎవరి కోసం ఈ రిజిస్టర్లు?

మన ఆసుపత్రుల్లో రిజిస్టర్లకు ఎప్పుడూ కొదవలేదు. ఎన్ని ఆపరేషన్లు చేశారు, ఎన్ని కాపర్-టీలు వేశారు అని లెక్కలు రాసుకుంటూనే వచ్చారు. 1996లో టార్గెట్లు ఎత్తేస్తున్నామని ప్రభుత్వం ప్రకటించేదాకా పైఅధికారులు అడిగింది ఆ అంకెలే. వేయించుకున్న స్త్రీకి ఆ తర్వాత రక్తస్రావమైందా, నొప్పి భరించలేక తీయించుకుందా అన్నది వాళ్లకు పట్టలేదు.

ఒంట్లో అమర్చే ఏ పరికరానికైనా అసలు అడగాల్సిన ప్రశ్న అదే. డిప్యూ కంపెనీ 'ఏఎస్ఆర్' తుంటి కీలు సంగతే చూడండి. లోహం అరిగి కోబాల్టు, క్రోమియం రక్తంలో కలిసేవి. ఏ కీలును ఎంత త్వరగా తీసి మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వస్తోందో లెక్కగట్టే జాతీయ రిజిస్ట్రీ ఆస్ట్రేలియాలో ఉంది. అందుకే 2007లోనే అక్కడ లోపం బయటపడింది. 2009 చివర్లో అమ్మకం ఆగింది. ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నది 2010 ఆగస్టులో. మన దేశంలో సుమారు 4,700 ఆపరేషన్లలో ఆ కీలు వాడారు. 2018లో కేంద్ర కమిటీ నివేదిక బయటికొచ్చేనాటికీ దాదాపు 3,600 మంది ఆచూకీ లేదు. మనుషులే దొరకనప్పుడు పరిహారం ఎవరికిస్తారు?

2015 నుంచి మన దేశంలో పరికరాల వల్ల జరిగే హానిని నమోదు చేసే 'మెటీరియోవిజిలెన్స్' కార్యక్రమం ఉంది. మంచిదే. కానీ ఫిర్యాదుల పుస్తకం వేరు, రిజిస్ట్రీ వేరు. వంద ఫిర్యాదులొస్తే, ఆ పరికరం అమర్చింది వెయ్యి మందికా, లక్ష మందికా అన్నది కూడా తెలియాలి కదా!

పెట్టిన రిజిస్ట్రీని నిలబెట్టుకోవడమూ ముఖ్యమే. ఇంగ్లండులో రొమ్ము ఇంప్లాంట్ల రిజిస్ట్రీని 2006లో మూసేశారు. పీఐపీ అనే ఫ్రెంచి కంపెనీ వైద్యానికి పనికిరాని సిలికాన్ వాడిందని 2010లో తెలిసేసరికి, ఏ స్త్రీ ఒంట్లో ఏ కంపెనీది ఉందో చెప్పే పూర్తి జాబితా లేదు. 2016లో మళ్లీ మొదలుపెట్టారు.

కాబట్టి మనం అడగాల్సినవి స్పష్టం. ప్రభుత్వాసుపత్రి అయినా ప్రైవేటు అయినా, పరికరం మోడల్, బ్యాచ్ నంబరు ఆపరేషన్ గదిలోనే నమోదు కావాలి. అవే వివరాలున్న తెలుగు కార్డు ఆమె చేతికివ్వాలి. తీసేసినప్పుడు కారణం రాయాలి. బాధను ఆమే నేరుగా చెప్పుకోగలగాలి. ఆమె వివరాలు భర్తకూ అత్తింటికీ కంపెనీకీ చేరకూడదు. నిర్వహణ కమిటీలో పరికరం అమర్చుకున్న స్త్రీలుండాలి.

మన శరీరం మనదంటున్నాం. అందులో ఏం పెట్టారో తెలుసుకోకుండా ఆ మాటకు అర్థమేముంది?