బేగంపేటకు ఉపగ్రహం చూపే దారి.. కింది దారిని వదిలేయొచ్చా?

హైదరాబాద్‌: మాదాపూర్‌, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ కంపెనీల పెద్దలు ప్రైవేటు జెట్‌లో సిటీకి వస్తే వారి ముందు రెండు దారులు. శంషాబాద్‌లో దిగి ఔటర్‌ రింగ్‌ రోడ్డు ఎక్కడం, లేదంటే సిటీ మధ్యలో ఉన్న బేగంపేటలో దిగడం. 2008 మార్చి 23న ప్యాసింజర్‌ విమానాలన్నీ శంషాబాద్‌కు తరలిపోయాక బేగంపేటకు మిగిలింది ఎయిర్‌ఫోర్స్‌, వీఐపీలు, బిజినెస్‌ జెట్‌లు, ఎయిర్‌ అంబులెన్సులే.

ఇది ధనవంతుల ముచ్చట, మనకెందుకు అనిపించొచ్చు. కానీ ఆ ఎయిర్‌పోర్టు పక్కనే రసూల్‌పురా బస్తీ ఉంది. అదే సైజు చిన్న విమానంలో ఎవరి తండ్రో, ఎవరి బిడ్డో స్ట్రెచర్‌ మీద ఆస్పత్రికి వస్తుంటారు. వానలో, మంచులో ఆ విమానం రన్‌వేను ఎలా వెతుక్కుంటుందన్నది అందరికీ సంబంధించిన విషయమే.

ఇన్నాళ్లూ ఆ పని చేస్తున్నది ఐఎల్‌ఎస్‌. రన్‌వే దగ్గర నిలబెట్టిన యాంటెన్నాలు రేడియో సిగ్నల్‌ పంపుతాయి. ఒకటి కుడి ఎడమలు చెబుతుంది, ఇంకొకటి ఎంత వాలుగా దిగాలో చెబుతుంది. పద్ధతి పాతదే, నమ్మకమైనదే. కానీ ఖర్చు ఎక్కువ. రన్‌వే ఒక్కో కొసకూ విడిగా పెట్టాలి, ఎప్పటికప్పుడు పరీక్షించాలి. చిన్న ఎయిర్‌పోర్టులు దాన్ని భరించలేవు.

అక్కడే గగన్‌ పనికొస్తుంది. ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్‌ అథారిటీ కలిసి రూ.774 కోట్లతో కట్టిన వ్యవస్థ ఇది. మామూలు జీపీఎస్‌లో కొన్ని మీటర్ల తేడా వస్తుంది. ఓలా, ఊబర్‌కు అది చాలు, విమానం దిగడానికి చాలదు. దేశంలోని 15 స్టేషన్లు ఆ తేడాను కొలుస్తాయి. బెంగళూరులో లెక్క కట్టి, దిద్దుబాటును 36 వేల కిలోమీటర్ల ఎత్తున్న జీశాట్‌ ఉపగ్రహాల ద్వారా విమానానికి పంపుతారు. సిగ్నల్‌ నమ్మదగినదిగా లేకపోతే ఆ మాటనూ సెకన్లలోనే చెబుతుంది. అసలు విలువ అందులోనే ఉంది. దీని సాయంతో పైలట్‌ సుమారు 250 అడుగుల వరకు, అంటే చార్మినార్‌ ఎత్తు కంటే పైవరకు దిగి, రన్‌వే కనిపిస్తే ముందుకెళ్తాడు, లేదంటే మళ్లీ పైకి లేస్తాడు. రన్‌వే దగ్గర ఒక్క యాంటెన్నా కూడా అక్కర్లేదు. సిగ్నల్‌కు ఫీజు లేదు. విమానంలో తగిన రిసీవర్‌, పైలట్‌కు శిక్షణ, ఆ రన్‌వేకు ఆమోదం పొందిన ల్యాండింగ్‌ పద్ధతి ఉంటే చాలు. 2022 ఏప్రిల్‌ 28న రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో ఇండిగో ఏటీఆర్‌ విమానం ఇలాగే దిగింది.

ఈ కథలో హైదరాబాద్‌ పాత్ర చిన్నది కాదు. దక్షిణ భారతం భూ అయస్కాంత మధ్యరేఖకు దగ్గర. సాయంత్రం దాటాక ఇక్కడ ఆకాశం పైపొర, అయనోస్ఫియర్‌, అల్లకల్లోలమై సిగ్నల్‌ను చెదరగొడుతుంది. అమెరికా వ్యవస్థను తెచ్చి ఇక్కడ పెడితే కుదరకపోవడానికి కారణం ఇదే. ఉస్మానియా యూనివర్సిటీలోని నావిగేషన్‌ ఎలక్ట్రానిక్స్‌ పరిశోధనా విభాగం దీని మీదే ఏళ్ల తరబడి పనిచేసింది. బిజినెస్‌ జెట్‌ల కాక్‌పిట్‌ పరికరాలు తయారుచేసే హనీవెల్‌, కాలిన్స్‌ ఏరోస్పేస్‌కు ఇక్కడ ఇంజినీరింగ్‌ సెంటర్లున్నాయి. ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్‌ అయితే ఇదే గగన్‌ ద్వారా నడిసముద్రంలోని మత్స్యకారులకు తుఫాను హెచ్చరికలు పంపే ఏర్పాటు చేసింది. ప్రజల డబ్బు ప్రజలకు చేరిన చోటు అది.

ఇంత బాగున్నప్పుడు ఐఎల్‌ఎస్‌ తీసేయొచ్చు కదా? కుదరదు. ఉపగ్రహ సిగ్నల్‌ మన దాకా వచ్చేసరికి చాలా బలహీనం అవుతుంది. చిన్న పరికరంతో దాన్ని నొక్కేయొచ్చు, అది జామింగ్‌. దొంగ సిగ్నల్‌ పంపి విమానాన్ని లేనిచోట ఉన్నట్టు నమ్మించొచ్చు, అది స్పూఫింగ్‌. గగన్‌ దిద్దేది జీపీఎస్‌ పొరపాట్లను. దొంగను పట్టుకోవడానికి కట్టింది కాదది.

2023 సెప్టెంబర్‌లో ఇరాక్‌ మీదుగా దుబాయ్‌ వైపు వెళ్తున్న ఒక ఎంబ్రాయర్‌ బిజినెస్‌ జెట్‌ ఇలాగే దారి తప్పి, అనుమతి లేకుండా ఇరాన్‌ గగనతలంలోకి వెళ్లేదాకా వచ్చింది. గల్ఫ్‌లో మనవాళ్లున్న ఇళ్లకు ఆ ఆకాశం పరాయిదేమీ కాదు. 2025 నవంబర్‌లో ఢిల్లీ వంతు వచ్చింది. ఒక రన్‌వేకు ఐఎల్‌ఎస్‌ అప్‌గ్రేడ్‌ పని నడుస్తుండగా జీపీఎస్‌ ఆధారంగా దిగుతున్న విమానాలకు దొంగ సిగ్నళ్లు తగిలాయి. కొన్నింటిని వేరే ఊళ్లకు మళ్లించారు. డిసెంబర్‌ 1న రాజ్యసభలో పౌర విమానయాన మంత్రి రామ్మోహన్‌ నాయుడు ఇచ్చిన జవాబులో జీపీఎస్‌ అంతరాయాల ఫిర్యాదులు వచ్చిన నగరాల్లో హైదరాబాద్‌ పేరు కూడా ఉంది. నేల మీద పరికరాలు పనిచేస్తున్న రన్‌వేలకు ఇబ్బంది రాలేదని కూడా ఆయన చెప్పారు. ఆ ఒక్క వాక్యంలోనే మన ప్రశ్నకు జవాబుంది.

సిగ్నల్‌ ఒక్కటే అన్నీ చేయదన్నదీ నిజమే. 2023 సెప్టెంబర్‌ 14న విశాఖ నుంచి వెళ్లిన లియర్‌జెట్‌ ముంబైలో, దేశంలోనే అత్యంత రద్దీ ఎయిర్‌పోర్టుల్లో ఒకదానిలో, భారీ వర్షంలో దిగుతూ రన్‌వే పక్కకు దూసుకెళ్లి విరిగిపోయింది. లోపలున్న 8 మందీ బతికి బయటపడ్డారు.

కాబట్టి గగన్‌ను ఎక్కువగా వాడాల్సింది శంషాబాద్‌లో కాదు, అక్కడ ఐఎల్‌ఎస్‌ ఉండనే ఉంది. వరంగల్‌ మామునూరుకు కేంద్రం 2025 ఫిబ్రవరి 28న పచ్చజెండా ఊపింది. అలాంటి చోట మొదటి రోజు నుంచే గగన్‌ ల్యాండింగ్‌ పద్ధతి సిద్ధంగా ఉంటే, వానాకాలం రాత్రి పేషెంట్‌ను తెచ్చే విమానం వెనక్కి తిరగకుండా దిగే అవకాశం పెరుగుతుంది. బేగంపేటలో మాత్రం ఖర్చు తగ్గించే పేరుతో నేల మీది పరికరాలను ముట్టుకోవద్దు. జీపీఎస్‌ అంతరాయం ఎదురైతే పైలట్లు, కంట్రోలర్లు పది నిమిషాల్లో చెప్పాలని డీజీసీఏ 2025 నవంబర్‌లో ఆదేశించింది. ఆ రిపోర్టుల్లో హైదరాబాద్‌వి ఎన్ని, దొంగ సిగ్నల్‌ ఎక్కడి నుంచి వచ్చింది, పట్టుకున్నారా లేదా అన్నది మన ఎంపీలు పార్లమెంటులో పేరుపెట్టి అడగాల్సిన ప్రశ్నలు.