డచ్ విధ్యర్థకం: ‘కొను’తో పోలిక ఎంతవరకు?

డచ్ ఆత్మార్థక క్రియలను తెలుగు ‘కొను’తో సమీకరించడం సులభమే గాని శాస్త్రీయం కాదు. ‘యె హాస్ట్ యె’ (నీవు త్వరపడుతున్నావు) అనే వాక్యంలో మొదటి ‘యె’ కర్త. రెండవది ఆత్మార్థక సర్వనామం. విధ్యర్థకంలో కర్త లోపించి, క్రియ వాక్యాదిని నిలిచి ‘హాస్ట్ యె’ ఏర్పడుతుంది. మిగిలిన ‘యె’ను కర్తగా భ్రమించరాదు. ‘క్లేడ్ యె ఆన్’ (బట్టలు వేసుకో) అన్నప్పుడు అదే సర్వనామం క్రియకూ, విడివడిన ఉపసర్గకూ నడుమ చేరుతుంది. ‘కొను’ సర్వనామం కాదు, ధాతువును అంటిపెట్టుకొనే సహాయక క్రియ. ‘అన్నం వండుకో’లో కర్మ అన్నమే, ‘కొను’ సూచించేది క్రియాఫలం కర్తకు చెందడాన్ని. ‘త్వరపడు’లోనైతే ‘కొను’ ప్రసక్తే లేదు. పారిభాషిక పదం ఒకటైనంత మాత్రాన వ్యవస్థలు ఒకటి కావు. ఈ భేదాన్ని విస్మరించిన తులనాత్మక వ్యాకరణం రెండు భాషలకూ అన్యాయమే చేస్తుంది.