కష్టకాలంలో ఓటడిగే ప్రభుత్వం లెక్క చెప్పాలి

ఓటర్లకు, అధికారంలో ఉన్న పార్టీల నాయకులకు, కార్యకర్తలకు విజ్ఞప్తి.

పంటలు దెబ్బతిని, ధరలు పెరిగి, చదివిన పిల్లలకు ఉద్యోగాలు దొరకని రోజుల్లో మళ్లీ ఓటడగవలసి వస్తే ప్రభుత్వం ఏం మాట్లాడాలి? జెండా ఏదైనా మన పార్టీలది ఒకటే జవాబు. అంతా బాగుందని చెప్పాలి, చేసింది కొండంతగా చూపాలి, చేయనిదాన్ని పాత ప్రభుత్వం మీదికి నెట్టాలి. ఈ జవాబు నీతి ప్రకారమే కాదు, ఎన్నికల లెక్క ప్రకారం కూడా తప్పు. జనం కష్టాన్ని ముందుగా ఒప్పుకుని, చేసిందీ చేయలేనిదీ పక్కపక్కన పెట్టి, ఇకముందు ఏం చేస్తారో డబ్బు లెక్కతో సహా చెప్పడమే అధికార పక్షానికి మేలైన ప్రచారం. పార్టీలు ఈ దారికి రావాలనీ, రాకపోతే ఓటర్లే రప్పించాలనీ ఈ కరపత్రం కోరుతోంది.

2004 చూద్దాం. 2003-04లో దేశ ఆర్థిక వృద్ధి 8 శాతం దగ్గర ఉంది. ఆ అంకెను నమ్ముకుని వాజ్‌పేయి ప్రభుత్వం ‘భారత్ వెలిగిపోతోంది’ అంటూ ప్రభుత్వ ఖర్చుతో ప్రకటనలు గుప్పించింది. లోక్‌సభను గడువుకు ముందే రద్దు చేసి ఎన్నికలకు వెళ్లింది. అంకె అబద్ధం కాదు. అయితే 2002లో దేశమంతటా వర్షపాతం మామూలు కంటే 19 శాతం తగ్గింది, ఆ కరవు దెబ్బ నుంచి పల్లెలు ఇంకా తేరుకోలేదు. ఆ వెలుగు తమ ఇంటికి రాలేదని తెలిసినవాళ్లకు ఆ ప్రకటన వెక్కిరింతలా వినిపించింది. 1999లో 182 స్థానాలు గెలిచిన బీజేపీ 138కి పడిపోయింది. అదే ఎన్నికల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో విజన్ 2020 గురించి, హైటెక్ సిటీ గురించి చెప్పుకున్న తెలుగుదేశం ప్రభుత్వం 180 స్థానాల నుంచి 47కు దిగింది. వరస కరవులు, రైతుల ఆత్మహత్యలు, 2000లో పెంచిన కరెంటు ఛార్జీలు, వాటిపై నిరసన తెలిపినవారి మీద ఆ ఏడాది ఆగస్టులో బషీర్‌బాగ్‌లో జరిగిన పోలీసు కాల్పులు జనం మనసులో ఉన్నాయి. వాటి గురించే మాట్లాడుతూ ప్రతిపక్ష నాయకుడు వైఎస్ రాజశేఖరరెడ్డి 2003లో చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా నడిచారు. కాంగ్రెస్, టీఆర్ఎస్, వామపక్షాల పొత్తే ఓడించిందని కొందరంటారు. సీట్ల విషయంలో అది కొంత నిజం. కానీ తెలుగుదేశం సొంత ఓటు సుమారు 44 శాతం నుంచి 38 శాతం లోపుకు రావడానికి పొత్తు ఒక్కటే కారణం కాదు.

ఆ పాఠం ఎవరికీ ఎక్కలేదు. తెలంగాణలో 2023 జూన్‌లో అప్పటి ప్రభుత్వం రాష్ట్ర అవతరణ దశాబ్ది ఉత్సవాలు జరిపింది. ఆ మార్చిలోనే పబ్లిక్ సర్వీస్ కమిషన్ ప్రశ్నపత్రాలు లీకై గ్రూప్-1 ప్రిలిమ్స్ రద్దయింది, లక్షలమంది అభ్యర్థులు మండిపడుతున్నారు. 2018లో 88 స్థానాలు గెలిచిన ఆ పాలక పార్టీకి 2023 డిసెంబరులో 39 మిగిలాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో వైఎస్సార్ కాంగ్రెస్ ‘వై నాట్ 175’ అంటూ వెళ్లి 151 నుంచి 11కు పడింది. ఇక్కడొక అభ్యంతరం వస్తుంది. ఆ పార్టీ మేనిఫెస్టో చేతబట్టి లెక్క చెప్పింది కదా, అయినా ఎందుకు ఓడింది? చెప్పింది ఒక పక్క లెక్కే. ఖాతాల్లో వేసిన డబ్బు చూపి 99 శాతం హామీలు తీర్చామంది. దశలవారీ మద్యనిషేధం జరగలేదు, ఉద్యోగుల సీపీఎస్ పింఛను విధానం రద్దు జరగలేదు, రాజధాని తేలలేదు, రోడ్ల గుంతలు అందరికీ కనబడుతున్నాయి. 99 అన్న అంకె వినగానే ప్రతి ఓటరూ తనకు అందని ఆ ఒక్క శాతాన్ని లెక్కపెట్టుకున్నాడు. జమ రాసి ఖర్చు దాచిన పద్దు పుస్తకాన్ని ఏ ఇల్లాలూ నమ్మదు.

మరి కష్టకాలంలో గెలిచినవాళ్లు ఏం చేశారు? అమెరికాలో 1933లో దాదాపు నలుగురిలో ఒకరికి పని లేదు. 1936లో రూజ్‌వెల్ట్ మళ్లీ ఓటడిగేటప్పటికీ నిరుద్యోగం భారీగానే ఉంది. అయినా 48 రాష్ట్రాల్లో 46 గెలిచారు. 1934 జూన్‌లోనే ఆయన రేడియోలో జనాన్ని సూటిగా అడిగారు: మీ అప్పుల భారం తగ్గిందా, బ్యాంకులో మీ డబ్బు మునుపటికన్నా భద్రంగా ఉందా, పనిచేసే చోట పరిస్థితి మెరుగైందా అని. తీర్పు చెప్పే పని ప్రకటనలకు వదలకుండా ఇంటి లెక్కకే వదిలారు. 2012లో ఒబామా కూడా అంతా బాగైందని చెప్పలేదు. 2009 అక్టోబరులో 10 శాతం ఉన్న నిరుద్యోగం ఎన్నికల నాటికి 8 శాతం లోపుకు వచ్చింది, పని ఇంకా మిగిలే ఉంది, మిగిలినదాన్ని ఎవరి దారిలో చేద్దామో మీరే ఎంచుకోండి అన్నారు. పాత ప్రభుత్వాన్ని తప్పుపట్టడం ఆయనకు పనికొచ్చిందంటే, పక్కనే తగ్గుతున్న అంకె ఉండబట్టే. మన దగ్గర 2009లో వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రచారం ఇలాంటిదే. ఉచిత కరెంటు, ఆరోగ్యశ్రీ, రెండు రూపాయల బియ్యం వంటి ఇంటింటా సరిచూసుకోగల పనులు చెప్పి, కొత్తగా ముఖ్యంగా రెండే హామీలిచ్చారు: వ్యవసాయానికి కరెంటు ఏడు గంటల నుంచి తొమ్మిది గంటలకు, బియ్యం మనిషికి నాలుగు కిలోల నుంచి ఆరుకు. ప్రతిపక్షాల మహాకూటమి, ప్రజారాజ్యం పార్టీ ఎదురు నిలిచినా 294లో 156 వచ్చాయి. స్థానాలు తగ్గినా అధికారం నిలిచింది.

లోపం ఒప్పుకుంటే ప్రత్యర్థికి ఆయుధం ఇచ్చినట్టేనని ప్రచార వ్యూహకర్తలు అంటారు. అమెరికా మాజీ అధ్యక్షుడు కార్టర్‌ను ఉదాహరణగా చూపుతారు. 1979 జూలైలో ఆయన దేశంలో విశ్వాసం సన్నగిల్లిందని టీవీలో నిజాయితీగా మాట్లాడారు, 1980లో ఘోరంగా ఓడారు. కానీ ఆ ప్రసంగం తర్వాత ఆయన ఆదరణ మొదట పెరిగింది. కొద్దిరోజుల్లోనే మంత్రివర్గమంతటినీ రాజీనామాలు అడిగేసరికి చుక్కాని లేదన్న భావన వచ్చింది. 1980లో ధరలు 13 శాతానికి పైగా పెరిగాయి. ఆయన్ని ముంచింది ఒప్పుకోలు కాదు, దాని వెనక పని కనబడకపోవడం. కాబట్టి ఒప్పుకోలు ఒక్కటే చాలదు, కారణం, నివారణ, గడువు కూడా చెప్పాలి. ఇక ఆయుధం సంగతి: గ్యాస్ బండ ధర, కరెంటు బిల్లు ప్రతి నెలా ఇంటికే వస్తున్నాయి. ప్రత్యర్థి కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు.

మన ఎన్నికలు కులం మీద, నోట్ల మీద నడుస్తాయి, మాటలతో పనేముంది అన్నది రెండో అభ్యంతరం. కులం, డబ్బు ఉన్నాయి, కాదనలేం. కానీ 151 నుంచి 11కు, 88 నుంచి 39కి పడిన పార్టీలకు వాటి కొరత వచ్చి కాదు. ఐదేళ్లలో కులాలు మారవు, మారేది నమ్మకమే.

అందుకే మా కోరికలు ఇవి. ఎన్నికలకు ఆరు నెలల ముందు ప్రతి అధికార పక్షం తన పాత మేనిఫెస్టోలోని ఒక్కో హామీకి ఎదురుగా చేసింది, చేయనిది, కారణం, అయిన ఖర్చు తెలుగులో అచ్చువేసి పార్టీ ఖర్చుతో ఊరూరా పంచాలి. సుప్రీంకోర్టు 2013 తీర్పు తర్వాత, మేనిఫెస్టోలో హామీకి హేతువు, నిధులు తెచ్చే మార్గం సూచించాలని ఎన్నికల సంఘం నిబంధన పెట్టింది. కొత్త హామీకి వివరణ అడుగుతున్నప్పుడు పాత హామీకి లెక్క అడగకపోవడంలో అర్థం లేదు. సంఘం ఆ నిబంధనను పాత హామీలకూ విస్తరించాలి. ప్రభుత్వ ప్రకటనలు పార్టీ ప్రచారం కాకూడదని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. ఎన్నికల నియమావళి అమల్లోకి వచ్చాకనే ఖజానా ప్రకటనలు ఆగుతాయి, చివరి ఆరు నెలలకూ ఆ నిషేధం వర్తించాలి.

తెలంగాణలో ఆరు గ్యారంటీలు, ఆంధ్రప్రదేశ్‌లో సూపర్ సిక్స్ చెప్పి గెలిచిన ప్రభుత్వాలు మళ్లీ మీ గడపకు వస్తాయి. వచ్చినవారిని చేసిందేమిటని మాత్రమే కాదు, చేయనిదేమిటి, ఎందుకు చేయలేదు, డబ్బు ఎక్కడిది అని అడగండి. రాతపూర్వకంగా జవాబు ఇచ్చినవారి మాట వినండి. ఇవ్వనివారికి ఓటు వేసే తొందర మీకు లేదు.