కొండకు తలవంచిన ఆట

సిమ్లా నగరమునకు 20 కిలోమీటర్లకు పైబడిన దూరమున, సముద్రమట్టమునకు 2,000 మీటర్లకు మించిన ఎత్తున, దేవదారు వనముల నడుమ నల్దేరా గోల్ఫు మైదానము కలదు. 1899 నుండి 1905 వరకు రాజప్రతినిధిగా నుండిన కర్జను ప్రభువు ఈ తావునకు ముగ్ధుడై, 1904లో జన్మించిన తన కుమార్తె పేరులో నల్దేరా యను మాటను చేర్చెను. పాలకుల విలాసమునకై వెలసిన మైదానమనుట నిజమే. ఐనను అది నేర్పు పాఠ మొకటి కలదు.

నిడివిలో ఇది చిన్నది. ఆడుటకు మాత్రము సులభము కాదు. అంత ఎత్తున గాలి పలుచగా నుండుటచే బంతి పల్లపుసీమలలోకంటె దూరము పోవును. నేల యంతయు ఎగుడుదిగుడు. పడినచోట బంతి నిలువదు. బలమునే నమ్మినవాని బంతి దేవదారుల నీడలో మాయమగును. వాలు నెరిగి తగుమాత్రముగా కొట్టినవాని బంతి గుంట చేరును. మైదానము నడుమ నాగదేవత ఆలయమున్నది. ఆట దానిని కదల్పలేదు, పక్కగా సాగిపోవుచున్నది.

2023 వర్షకాలమున సిమ్లా పరిసరములలో కొండచరియలు విరిగిపడి అనేకులు ప్రాణములు కోల్పోయిరి. కురిసినది కుంభవృష్టియే, కాని వాలును నిలువున కోసి వేసిన బాటలు, కట్టిన మేడలు ఆ కీడును పెంచినవి. వినోదమునకై వచ్చిన ఆటగాడు పాటించు మర్యాదను నివాసమునకై వచ్చిన మనుష్యుడు పాటింపకుండుట ఎంత విచారకరము!

విద్యార్థులను కొండలకు విహారయాత్ర కొనిపోవు ఉపాధ్యాయులు దృశ్యమును చూపి మరలుట చాలదు. ఈ వాలు ఎటు దిగుచున్నది, వాననీరు ఏ దారిని పోవును, ఈ చెట్టు వేళ్లు ఏ మట్టిని పట్టియున్నవి యని వారిచేత అడిగింపవలెను. రేపు కొండలపై బాటలు వేయు ఇంజనీర్లు ఆ పిల్లలలోనుండియే రావలసియున్నారు.