భుజము ఆపరేషన్ – ఇంటివారి బాధ్యత



రెఫీదీములో యుద్ధము జరిగిన దినమున మోషే చేతులు బరువెక్కిన సంగతి నిర్గమకాండము 17వ అధ్యాయములో చదువుతాము. అహరోను ఒక ప్రక్కన, హూరు మరొక ప్రక్కన నిలిచి ప్రొద్దు క్రుంకేవరకు ఆ చేతులు పడిపోకుండ పట్టుకొన్నారు. భుజము ఆపరేషన్ అనగానే నాకు ఈ సంగతి జ్ఞాపకము వస్తుంది. కారణము వినండి.

మా సంఘములోని ఒక సహోదరి నాట్లకు వెళ్లి, తడి గట్టుమీద జారి, చెయ్యి ఆనించి పడింది. ఆ రాత్రినుండి జబ్బ నొప్పి. చెయ్యి తలవరకు లేవలేదు. ఎక్స్‌రేలో ఎముక విరగలేదని తెలిసి అందరము ఊరట చెందాము. నాలుగు నెలలు తైలము రాసి మర్దన చేయించారు. కాని లోపల తెగినది ఎముక కాదు. తెగినది ఎక్స్‌రేలో కనబడేదీ కాదు. అల్ట్రాసౌండ్ స్కాన్‌లోగాని ఎమ్.ఆర్.ఐ.లోగాని కనబడుతుంది.

భుజపు కీలు చుట్టూ నాలుగు కండరములున్నాయి. వాటి కొసలు గట్టి నారవలె మారి, చేయి ఎముక తలను చుట్టి పట్టుకొంటాయి. దీనినే డాక్టర్లు ‘రొటేటర్ కఫ్’ అంటారు. మన పల్లెలలో ‘నరము తెగింది’ అంటారుగాని, ఇది నరము కాదు. కండరమును ఎముకకు కట్టే త్రాడు. వయసు మీరినకొద్దీ ఈ త్రాడు అరుగుతుంది. అలా మెల్లగా చిరిగినవాటిలో అనేకమునకు ఆపరేషన్ అవసరము లేదు. కొన్ని నెలలు వ్యాయామము చేస్తే నొప్పి తగ్గుతుంది. అయితే పడినప్పుడు ఒక్కసారిగా తెగి, చెయ్యి లేవకపోతే ఆలస్యము చేయరాదు. తెగిన కొస వెనుకకు ముడుచుకొనిపోతుంది. కండరము చిక్కి, దానిలో క్రొవ్వు చేరుతుంది. అప్పుడు కుట్టినా పట్టు దొరకదు.

తెగిన కొసను తిరిగి కుట్టే ఆపరేషన్ గురించి అమెరికాలోని బోస్టన్ నగర వైద్యుడు కాడ్‌మన్ 1911లోనే ప్రకటించారు. పాత పద్ధతిలో భుజముమీద కోసి, ఎముకకు రంధ్రములు చేసి, దారము దూర్చి ముడివేస్తారు. ఇప్పుడు ఎక్కువగా చిన్న చిన్న రంధ్రములగుండా సన్నని కెమెరాను, పనిముట్లను లోనికి పంపి చేస్తున్నారు. దీని పేరు ఆర్థ్రోస్కోపీ. ఎముకలో చిన్న మేకులు దించి, వాటికున్న దారములతో తెగిన కొసను ఎముకకు బిగిస్తారు. చిన్న చిరుగుకు ఒక వరుస మేకులు చాలు. పెద్దదానికి రెండు వరుసలు వేసి, కొసను వెడల్పుగా ఎముకకు అదుముతారు. కుట్టుటకు వీలులేని వృద్ధులలో కొందరికి కృత్రిమ కీలు అమర్చుతారు.

కెమెరా మేలా, కోత మేలా అని చాలామంది అడుగుతారు. బ్రిటన్‌లో 50 ఏండ్లు, ఆ పైబడిన 273 మందిపై జరిగి, 2017లో వెలువడిన పరిశోధనలో రెండేండ్ల తరువాత రెండు పద్ధతుల ఫలితమూ దాదాపు సమానమే. స్కాన్ తీసి చూడగా రెండింటిలోనూ పదిమందిలో సుమారు నలుగురికి కుట్టిన చోట మరల తెగియున్నది. అంటే ఏ పద్ధతి అయినా డాక్టరు కొసను ఎముకకు చేర్చగలరేగాని అతికించలేరు. అతుకుట దేవుడు శరీరములో ఉంచిన శక్తివలన, కాలక్రమమున జరిగే పని. పచ్చిమట్టిలో పాతిన గుంజకు ఆనాడే ఎద్దును కట్టము గదా!

అందుచేత సాధారణముగా నాలుగునుండి ఆరు వారములు చేతికి పట్టీ తీయరాదు. తన శక్తితో ఆ చెయ్యి పైకి లేపరాదు. మూడు నెలలవరకు బరువు ఎత్తరాదు. పొలము పనికి ఆరు నెలలైనా పట్టవచ్చును. రెక్కాడితేగాని డొక్కాడని ఇంటిలో ఇది ఎంత కష్టమో మనకు తెలియనిది కాదు.

ఆ సహోదరికి ఆపరేషన్ బాగుగానే జరిగింది. మూడవ వారమున ఇంటిలో నీళ్లు లేక తానే బోరింగు దగ్గరకు వెళ్లి బిందె ఎత్తింది. కుట్టు తెగిపోయింది. మేము ప్రతి ఆదివారము ఆమె కొరకు ప్రార్థించాము. బిందె మాత్రము ఎవరమూ మోయలేదు.

గనుక ఇంటివారు, సంఘమువారు ఈ సంగతులు గమనించాలి.

ఆపరేషన్ తేదీకి ముందే నీళ్లు, వంట, పశువుల పని ఎవరు చూస్తారో వంతులు వేసికోండి. స్త్రీల సమాజము ఈ భారము తీసికొనవచ్చును.

రవికె ముందువైపు హుక్సులతో వదులుగా కుట్టించండి. తొడిగేటప్పుడు ఆపరేషనైన చెయ్యి మొదట, తీసేటప్పుడు చివర.

పడుకొన్నప్పుడు వీపు వెనుక దిండ్లు పెట్టి, కొంచెము ఎత్తుగా ఆనుకొంటే నొప్పి తక్కువ.

వ్రేళ్లు, మణికట్టు రోజూ కదిలించాలి. భుజపు వ్యాయామము డాక్టరు చెప్పిన దినమునుండి మాత్రమే. మర్దన వద్దు.

చుట్ట, బీడీ మానాలి. షుగరు అదుపులో ఉండాలి. ఈ రెండూ అతుకును ఆలస్యము చేస్తాయి.

ప్రియులారా, మోషే చేతులు బరువెక్కినప్పుడు అహరోను, హూరు ప్రార్థించి ఊరకుండలేదు. దగ్గర నిలిచి పట్టుకొన్నారు. మీ వీధిలో చేతికి పట్టీ కట్టుకొని కూర్చున్నవారు ఉంటే, ఈ సాయంత్రమే వారి బిందె తీసికొని బయలుదేరండి. అట్టి మనస్సు ప్రభువు మనకందరికి దయచేయును గాక. ఆమేన్.