జీతం ఉండగానే జోకు!

కాలేజీ బస్సులో మీరు నోరు విప్పితే చాలు, కీసర వచ్చేదాకా నవ్వులే. ‘స్టేజీ ఎక్కరా!’ అంటారు దోస్తులు. ఎక్కండి. అయితే దోస్తులకు మీరు అనుకరించే లెక్చరర్ తెలుసు, అందుకే సగం మాటకే నవ్వుతారు. బంజారాహిల్స్‌ లామకాన్‌లాంటి చోట ఓపెన్‌ మైక్‌కు వచ్చేవారికి మీరెవరో తెలియదు. అక్కడ మాటే నవ్వించాలి.

అందుకు మూడు మెట్లున్నాయి. ఇంప్రోవ్‌ అంటే అప్పటికప్పుడు అల్లడం. ఎదుటివాళ్లు అన్నదాన్ని కాదనకుండా అందుకోవాలి కాబట్టి వినడం వస్తుంది. స్కిట్‌తో రాయడం వస్తుంది. స్టాండప్‌లో తోడెవరూ ఉండరు. జోకు పేలనప్పటి నిశ్శబ్దాన్ని తట్టుకోవడం అక్కడే అలవాటవుతుంది. ఐదు నిమిషాల అంశమే తీసుకోండి. చెప్పిన ప్రతిసారీ రికార్డు చేసుకుని, నవ్వు రాని వాక్యాన్ని కొట్టేయండి.

మరి ఉద్యోగం మానేయాలా? తొందరొద్దు. కనిగిరిలో పుట్టిన జానీ లీవర్‌ ముంబైలో హిందుస్థాన్‌ లీవర్‌ కార్మికుడు. కంపెనీ వేడుకలో పైఅధికారులను అనుకరించి నవ్విస్తే, ఆ కంపెనీ పేరే ఆయన పేరులో చేరింది. పనిచేస్తూనే ప్రదర్శనలిచ్చారు. వాటి మీద రాబడి నిలదొక్కుకున్నాకే 1981లో కొలువు వదిలారు.

మీరూ అంతే. జీతం వస్తుంటే, జోకు పేలని రాత్రి కూడా ఇంటికొచ్చి నిశ్చింతగా ఇంకోటి రాసుకోవచ్చు.